గొడుగులామె మొగుడు

అరసున్న ఆ ఉదయం కళ్ళజోడు తొమ్మిదిసార్లు తుడిచాడు. పదోసారి తుడవబోతుంటే మేనకోడలు లాక్కుని అతని ముక్కు మీద పెట్టేసింది.

"అద్దం అరిగిపోతుంది మావయ్యా. ఇంక వదిలెయ్."

"మరక ఉందే."

"ఆ మరక నీ భయానిది. తుడిస్తే పోదు. కూర్చో."

అరసున్న అంటే అమ్మానాన్నా పెట్టిన పేరు కాదు. ఒక దినపత్రికలో ముప్ఫై ఒక్క ఏళ్ళు ప్రూఫులు దిద్దాడు. చేరిన మొదటి వారంలోనే సరాసరి ఎడిటరు గదిలోకి వెళ్ళి, "తెలుగులో అరసున్న తీసెయ్యమని ఎవరు చెప్పారండీ, ఏ తేదీన?" అని అడిగాడట. ఎడిటరుకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ సాయంత్రానికల్లా ఆఫీసంతా అదే పేరు. మనిషి కూడా అలాగే ఉంటాడు లెండి, సన్నగా, వంగి, కాస్త పక్కకి ఒరిగి, ఉన్నాడా లేడా అన్నట్టు. మూడేళ్ళ కిందట ఆ పత్రిక మూతపడింది. అప్పట్నుంచీ నిజంగానే అరసున్న అయిపోయాడు, ఎవరికీ అక్కర్లేదు. పాపం, ఖాళీగా ఉండలేక ఇంట్లో పప్పుల పొట్లాల కాగితాలు, మందుల డబ్బాల మీది చీటీలు, చివరికి పక్కింటి గోడ మీద రాసిన ‘ఇక్కడ చెత్త వెయ్యరాదు’ కూడా దిద్దాడు. పక్కింటాయన సుద్దముక్కతో సహా పట్టుకున్నాడు.

అలాంటి మనిషికి మేనకోడలు పని తెచ్చిపెట్టింది. ఆమె ఊళ్ళో ఫిల్మ్ క్లబ్బు నడిపేవాళ్ళలో ఒకతి. పది రోజుల పాటు సాయంత్రాలు సంగీత కచేరీలు, పగళ్ళు మామూలు హాళ్ళకు రాని రకం సినిమాలు. మొత్తం ఇరవై రెండు సినిమాలు, ఇరవై రెండు చోట్ల నుంచి. ఆ సినిమాల్లో మాట్లాడే భాషలు ఇక్కడ ఒక్కడికీ రావు. అందుకని తెర కింద పొడుగ్గా ఒక నల్లపట్టీ కట్టి, దాని మీద తెలుగు మాటలు వెయ్యాలి. ఆ మాటలు ముందే రాసిపెట్టుకోవాలి. సినిమా ఆడుతున్నంతసేపూ ఒక మనిషి కంప్యూటరు ముందు కూర్చుని, తెర మీద మనిషి నోరు తెరవగానే మీట నొక్కాలి, మూయగానే మళ్ళీ నొక్కి పట్టీని చీకటి చెయ్యాలి. రాసేవాడూ అరసున్నే, నొక్కేవాడూ అరసున్నే.

క్లబ్బు కార్యదర్శికి ఇది మొదట్నుంచీ ఇష్టం లేదు. "మిషన్ను అడిగితే అరగంటలో ఇరవై రెండూ రాసిస్తుందమ్మా. మీ మావయ్య ఒక్కదానికే రెండు వారాలు అడుగుతున్నాడు," అన్నాడు. చివరికి ఒక బేరానికి వచ్చాడు. మొదటి సినిమా అరసున్న చేతిలో పెడతాడు. మాట రాకుండా గట్టెక్కితే మిగతా ఇరవై ఒకటీ అతనివే. తేడా వచ్చిందంటే అన్నీ మిషనుకి. అంతే.

అందుకే ఆ కళ్ళజోడు అన్నిసార్లు మెరిసింది.

"నూట అరవై మూడు వాక్యాలు. ఒక్క అక్షరం తప్పు లేదు," అన్నాడు అరసున్న, తనలో తను అనుకున్నట్టు. "పదకొండుసార్లు చూశాను. ‘ళ’ ‘ల’ చూశాను. వత్తులు చూశాను. రెండు మాటల మధ్య ఖాళీలు కూడా చూశాను."

"సినిమా చూశావా?"

"అది పొద్దున ఎనిమిదింటికి కదే వచ్చింది!"

అదీ సంగతి. రెండు వారాల ముందు వచ్చింది ఇంగ్లీషులో మాటల జాబితా ఒక్కటే. ఎవరు ఏమన్నారో ఉంది. ఎలా అన్నారో, అంటూ ఏం చేస్తున్నారో లేదు. సినిమా డబ్బా దారిలో ఏ ఆఫీసులోనో కూర్చుని, ఈ పొద్దునే దిగింది. అద్దంలో మొహం చూసుకోకుండా బొట్టు పెట్టుకున్నట్టు అరసున్న రాసిపెట్టాడు.

పదిన్నరకు హాలు నిండింది. నిండింది అంటే ఎనభై కుర్చీలు. కార్యదర్శి మూడో వరసలో, తెల్లచొక్కా, జేబులో రెండు పెన్నులు. సినిమా తీసినామె పెద్దావిడ, తెల్లటి జుట్టు కత్తిరించుకుని ఉంది, ఎక్కడో సముద్రం పక్క దేశం నుంచి నిన్ననే దిగింది. ముందు కూర్చోమంటే వినలేదు. జనం వీపులు చూస్తే సినిమా ఎలా ఉందో తెలుస్తుందట. అందుకని ఆఖరి వరసలోనే కూర్చుంది, అరసున్న బల్లకు రెండు కుర్చీల అవతల. మధ్య కుర్చీలో మేనకోడలు.

తెర కింద ఎడమ పక్క ఒక వయొలిన్ ఆయన, డ్రమ్ముతో అతని బావమరిది కూర్చున్నారు. ఈ సినిమాకు సంగీతం లేదు. మాటలు ఆగిన చోటల్లా హాల్లో మనుషులే వాయించాలి. పెద్దావిడ పద్ధతి అది. వాయించేవాళ్ళు సినిమా ముందుగా చూడకూడదు, చూస్తూ, చదువుతూ, అప్పటికప్పుడు వాయించాలి. ఇంకొక్కటి కూడా ఆమె కాగితం మీద రాసి సంతకం పెట్టి పంపింది. సంగీతం నడుస్తున్నంతసేపూ ఆ నల్లపట్టీ మీద ఒక్క అక్షరం వెలుగు కూడా ఉండకూడదు.

"బావా, ఏ రాగం?" అన్నాడు డ్రమ్ము బావమరిది, మైకు దగ్గరుందని మర్చిపోయి. హాలంతా వినబడింది.

"ముందు బొమ్మ పడనీరా. నువ్వు నీ చేతులు కట్టుకుని కూర్చో, అదే రాగం."

దీపాలు ఆరాయి. అరసున్న గుండె డ్రమ్ము కన్నా ముందే మొదలైంది.

తెర మీద సముద్రపు ఒడ్డున ఒక చిన్న కొట్టు. ఒకామె గొడుగులు బాగుచేస్తోంది. చువ్వలు ఊడినవి, గుడ్డ చిరిగినవి, పిడి విరిగినవి. చుట్టూ గొడుగులే. ఒక పొరుగామె వచ్చి గడప మీద కూర్చుంది. నోరు తెరిచింది. అరసున్న నొక్కాడు.

‘మీ ఆయన కనబడడేం?’

పడింది. నల్లపట్టీ మీద తెల్లగా, నిటారుగా, ముత్యాల్లా. అరసున్నకు ఊపిరి కాస్త ఆడింది. గొడుగులామె సూది పళ్ళ మధ్య పెట్టుకుని ఏదో అంది. రెండోది నొక్కాడు.

‘పోయాడు.’

"అయ్యో," అంది హాలు. ఎనభై మంది ఒక్కసారిగా నాలుక చప్పరించారు.

‘ఎప్పుడు?’

‘తెల్లారగట్ల.’

‘పీడా వదిలింది. ఇక హాయిగా నిద్రపో.’

తెర మీద ఆడవాళ్ళిద్దరూ పకపకా నవ్వారు. పొరుగామె అయితే గొడుగులామె తొడ మీద చరిచి మరీ నవ్వింది.

హాలు బిగుసుకుపోయింది. అరసున్న ముందు కుర్చీలో ఒకాయన ఉన్నాడు. ఏ సినిమాకు వెళ్ళినా పక్కవాళ్ళకు అర్థం చెప్పే జాతి. భార్య వైపు ఒరిగి, "చూశావా? దుఃఖం మరీ ఎక్కువైతే నవ్వే వస్తుంది. అదీ కళంటే," అన్నాడు.

"తెల్లారగట్ల పోతే పొద్దున్నే గొడుగు కుడుతోందేమిటండీ?" అంది ఆవిడ.

"అదే వైరాగ్యం."

అరసున్న చేతివేలు మీట మీద ఆగిపోయింది. ఈ నవ్వు అతను అనుకున్న నవ్వు కాదు. జాబితాలో ఆ ఐదో వాక్యం దగ్గరే అతనికి రెండు వారాల కిందట అనుమానం వచ్చింది. మొగుడు చచ్చిపోతే పీడా వదిలిందంటుందా పొరుగుది? మేనకోడలికి ఫోన్ చేసి అడిగాడు కూడా. "ఇవి ఆర్ట్ సినిమాలు మావయ్యా. చావుకి నవ్వుతారు, పెళ్ళికి ఏడుస్తారు. నువ్వు ఉన్నది ఉన్నట్టు రాసెయ్," అంది ఆ మహాతల్లి. ఉన్నది ఏమిటి? ఇంగ్లీషులో ‘హీ ఈజ్ గాన్’ అని ఉంది. ‘పోయాడు’ అని రాశాడు. అక్షరదోషం లేదు.

సినిమా నడుస్తోంది. మాటలు తగ్గాయి. వయొలిన్ ఆయన పట్టీ వైపు ఒక చూపు చూసుకుని, కమాను తీగ మీద పెట్టి, బరువుగా, మెల్లగా లాగాడు. గొడుగులామె చువ్వలు సరిచేస్తోంది. ఆ చువ్వలన్నీ ఇప్పుడు పాడె కర్రల్లా కనిపించసాగాయి. ఎవరో ముక్కు చీదారు.

ముప్ఫై ఒకటో వాక్యం. ఆమె కాగితం ముందేసుకుని రాస్తూ పైకి చదువుకుంటోంది. ‘నీ కోటు ఇక్కడే వదిలేశావు. అక్కడ చలిగా ఉందా?’

ఇది రాసేటప్పుడు అరసున్నకే కళ్ళు చెమర్చాయి. పోయినవాణ్ణి చలిగా ఉందా అని అడుగుతోంది, ఎంత మాట! ఇప్పుడు హాల్లో రుమాళ్ళు బయటికి వచ్చాయి. కార్యదర్శి కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో ఒత్తుకుంటున్నాడు.

తెర మీద గొడుగులామె ఆ కాగితం మడిచింది. కవరులో పెట్టింది. నాలుకతో అంటించింది. స్టాంపు వేసింది. పోస్ట్‌మాన్ వచ్చి దాన్ని చేత్తో తూచి, తల అడ్డంగా ఊపాడు. ఇంకో స్టాంపు వెయ్యమన్నాడు. వేసింది.

అరసున్నకు నెత్తి మీంచి చన్నీళ్ళు దిమ్మరించినట్టయింది. చచ్చినవాడికి ఉత్తరం రాస్తే రాయొచ్చు. రెండో స్టాంపు ఎందుకు?

ఆ తర్వాతి బొమ్మలోనే జవాబు వచ్చింది. ఆమెకు వచ్చిన ఉత్తరం, దాంట్లో ఒక ఫొటో. ఓడ మీద ఒక లావుపాటి మనిషి, మెళ్ళో వంటవాడి గుడ్డ, చేతిలో గరిటె, నోరంతా నవ్వు.

పోలేదు. వెళ్ళాడు. ఓడలో వంటకి వెళ్ళాడు. గురక పెట్టే మొగుడు ఊరెళ్ళాడు కాబట్టి ‘ఇక హాయిగా నిద్రపో’ అని పొరుగుది వేళాకోళం ఆడింది. అంతే!

అరసున్న చిన్నప్పుడు ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు ‘పోతాను’ అంటే వాళ్ళమ్మ వీపు చిట్లగొట్టేది. ‘వెళ్ళొస్తాను అనరా సన్నాసీ’ అనేది. ఆ ఒక్క ముక్క రెండేళ్ళ పిల్లలకు కూడా తెలుసు. ముప్ఫై ఒక్క ఏళ్ళు పేపరు దిద్దినవాడికి తట్టలేదు. వత్తులు చూశాడు, దీర్ఘాలు చూశాడు, మనిషిని చంపేసింది మాత్రం చూసుకోలేదు.

మేనకోడలి వైపు వంగాడు. "అమ్మాయ్... బతికే ఉన్నాడే."

"ఎవరు?"

"గొడుగులామె మొగుడు."

ఆ పిల్ల తెర వైపు చూసింది, పట్టీ వైపు చూసింది, మావయ్య మొహం చూసింది. అర్థమైంది. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు అదురుతున్నాయి. ఏడుస్తోందో నవ్వుతోందో అరసున్నకు తెలియలేదు. అడిగే ధైర్యం లేదు.

"నీ చేత్తో ఎంతమంది పోయారు మావయ్యా ఇవాళ?"

"వేళాకోళాలా? డెబ్భయ్యో వాక్యంలో మళ్ళీ ఉందే!"

"అయితే దిద్దెయ్, గబుక్కున!"

రెండు వేళ్ళతో టకటకా కొట్టాడు. అరవై ఎనిమిది వెళ్ళింది, అరవై తొమ్మిది వెళ్ళింది. ‘ఆయన పోయిన దగ్గర్నుంచీ’ అన్నదాన్ని చెరిపి, మాట సరిగ్గా తెర మీద పలుకుతుండగా పట్టీ మీద పడేశాడు. ‘ఆయన వెళ్ళిన దగ్గర్నుంచీ వాన లేదు.’ హమ్మయ్య. ఎవరైనా పట్టుకుంటారు, ఇప్పుడు పట్టుకుంటారు, అని ముందు వరసల వైపు చూశాడు.

ముందు కుర్చీ ఆయన భార్య వైపు ఒరిగాడు. "గమనించావా? మొదట పోయాడంది. ఇప్పుడు వెళ్ళాడంటోంది. చావుని ఒప్పుకోలేకపోతోంది పాపం."

"మరి ఆ ఫొటో ఎక్కడిదండీ?"

"పాతది."

"ఉత్తరం?"

"అదీ పాతదే. పోస్టాఫీసుల సంగతి నీకు తెలీదూ?"

అరసున్నకు తల బల్లకేసి కొట్టుకోవాలనిపించింది. మనుషులు ఒకసారి ఒకణ్ణి చంపేసుకుంటే, ఇక వాడు స్వయంగా వచ్చి చెప్పినా నమ్మరు. వాడు వస్తాడు కూడా! ఆ ఆలోచన రాగానే జాబితా చివరికి తిప్పాడు. నూట యాభై ఎనిమిది, మగగొంతు, ‘తలుపు తియ్యి’. నూట యాభై తొమ్మిది, ఆమె, ‘వచ్చావా?’. అది ఆమె కల అనుకున్నాడు రాసేటప్పుడు. కల కాదు. ఆఖర్న ఆ లావుపాటి మనిషి గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడతాడు. అప్పుడు ఈ ఎనభై మందీ ఏమవుతారు? సగం మంది కెవ్వుమంటారు, సగం మంది గొల్లుమంటారు. పెద్దావిడ తన జీవితంలో తీసిన మెత్తని ఘట్టం దెయ్యాల సినిమా అయిపోతుంది.

"వదిలెయ్ మావయ్యా," గుసగుసగా అంది మేనకోడలు. ఇప్పుడు నవ్వడం లేదు. "దెయ్యం వచ్చిందనుకుంటారు. ఇంకా గొప్పగా అనుకుంటారు. వీళ్ళు అలాంటివాళ్ళే. ఎవరికీ తెలీదు."

సరిగ్గా అప్పుడే చీకట్లో ఒక చెయ్యి వచ్చి అరసున్న భుజం మీద పడింది. అదిరిపడ్డాడు. కార్యదర్శి. వంగి వచ్చాడు, మూడో వరస నుంచి ఆఖరి వరస దాకా. గొంతు బొంగురుపోయింది.

"మా నాన్నగారు పోయినప్పుడు కూడా నేనింత ఏడవలేదండీ. ఆ ‘చలిగా ఉందా’ అన్న మాట... అబ్బ! మిషను రాస్తుందా ఆ మాట? మిగతా ఇరవై ఒకటీ మీవే. ఇదిగో, మాటిస్తున్నా."

భుజం రెండుసార్లు నొక్కి, ముక్కు తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

ఇంకేం కావాలి చెప్పండి? మూడేళ్ళ నుంచి ఎదురుచూసిన మాట చెవిలో పడింది. చెయ్యాల్సిందల్లా ఏమీ చెయ్యకపోవడమే. ఇంకో అరగంట మీట నొక్కుకుంటూ కూర్చుంటే సాయంత్రం ఇంటికెళ్ళి పెళ్ళాంతో దర్జాగా చెప్పుకోవచ్చు. అరసున్న కుడితిలో పడ్డ ఎలకలా గిలగిల్లాడాడు. తొంభై రెండు నొక్కాడు. తొంభై మూడు నొక్కాడు. వేళ్ళు తన వేళ్ళలా లేవు. పట్టీ మీద అక్షరాలు చక్కగా పడుతున్నాయి, ఒక్కటీ వంకర లేదు. ఆ చక్కదనం చూడలేక చూపు తిప్పుకున్నాడు.

నూట ఇరవై ఒకటి. పోస్ట్‌మాన్ వచ్చి, ‘ఓడ శుక్రవారం చేరుతుందట’ అన్నాడు. గొడుగులామె సూది కింద పడేసింది. పట్టీ ఆర్పాలి. ఆర్పాడు. ఇక తొమ్మిది నిమిషాలు మాటల్లేవు. సంగీతమే.

గొడుగులామె కొట్టులో ఉన్న గొడుగులన్నీ ఎత్తుకుని డాబా ఎక్కింది. ఒక్కొక్కటే తెరుస్తోంది. ఎర్రది, పసుపుది, మాసికలు వేసినది. తెరిచి డాబా అంతా పరుస్తోంది. గాలికి ఒకటి ఎగిరితే వెంటపడి పట్టుకుంటోంది, అందీ అందకుండా ఎగిరినదాన్ని వేలెత్తి బెదిరిస్తోంది, కాళ్ళకు చెప్పులు కూడా లేవు. పదహారేళ్ళ పిల్లలా ఉంది.

వయొలిన్ ఆయన దానికి శోకం వాయిస్తున్నాడు. కళ్ళు మూసుకుని మరీ వాయిస్తున్నాడు, మహానుభావుడు. బావమరిది డ్రమ్ము మీద చావు వెంట నడిచే దెబ్బ వేస్తున్నాడు, ఒక్కొక్కటీ పిడుగులా. గొడుగులు గంతులేస్తుంటే హాలంతా వెక్కిళ్ళు.

అరసున్న పక్కకి చూశాడు. పెద్దావిడ కుర్చీ అంచుకి వచ్చేసింది. ముందున్న కుర్చీ వీపుని రెండు చేతులా పట్టుకుంది. మేనకోడలి చెవిలో ఏదో అంది. మళ్ళీ అంది.

"ఏమంటోంది?"

మేనకోడలు చెప్పడానికి ఇష్టపడలేదు. "ఎందుకిలా వాయిస్తున్నారు, ఇక్కడివాళ్ళకి సంతోషం ఇలా ఉంటుందా, అని అడుగుతోంది."

"నువ్వేం చెప్పావు?"

"ఏం చెప్పను మావయ్యా!"

పెద్దావిడ వీపులు చూస్తోంది. ఎనభై వీపులూ వంగి, అదురుతూ. ఇన్ని ఊళ్ళు తిరిగిన సినిమా, ఈ ఒక్క ఊళ్ళో ఇలా ఎందుకైందో ఆమెకు అర్థం కావడం లేదు. తప్పు తనదే అనుకుంటోంది. మొహంలో కనబడుతోంది. ఆ మొహం అరసున్న చూడకుండా ఉండాల్సింది. చూశాడు.

కంప్యూటరు దగ్గరికి లాక్కున్నాడు.

"మావయ్యా? ఏం చేస్తున్నావ్? సంగీతం నడుస్తోంది. సంతకం పెట్టింది ఆమె. మావయ్యా!"

రెండు వేళ్ళూ అక్షరాల మీద పెట్టాడు. కొట్టాడు. చదువుకున్నాడు. ఇల్లు తగలబడుతుంటే కామా ఎక్కడ పెట్టాలా అని ఆలోచించే మనిషి కదా, ‘పోయాడు’కి అటూ ఇటూ గుర్తులు పెట్టాలా వద్దా అని కూడా ఒక క్షణం ఆగాడు. పెట్టాడు. మళ్ళీ చదివాడు. కళ్ళు గట్టిగా మూసుకుని మీట నొక్కాడు.

చీకటి పట్టీ భగ్గున వెలిగింది.

సవరణ: మొదట్లో ‘పోయాడు’ అని పడింది. ‘ఊరెళ్ళాడు’ అని చదువుకోగలరు. మనిషి క్షేమం. పొరపాటుకు చింతిస్తున్నాం.

ముందేమీ జరగలేదు. వెక్కిళ్ళు ఆగాయి, అంతే. అరసున్న ఒక కన్ను తెరిచాడు. ఎనభై తలలు పట్టీ వైపు తిరిగి ఉన్నాయి. మూడో వరసలో తెల్లచొక్కా కదలడం లేదు.

"ఊరెళ్ళాడట!" అంది ముందు కుర్చీ ఆవిడ, గట్టిగా, మొగుడి వైపు తిరిగి. "ఊరెళ్ళాడట! వైరాగ్యమట!"

అంతే. ఎక్కడో ఒకరు కిసుక్కుమన్నారు. ఆ వెంటనే గోతాం చిరిగి గోళీలు దొర్లినట్టు హాలంతా నవ్వు. కళ్ళనీళ్ళు తుడుచుకుంటూనే నవ్వుతున్నారు. వయొలిన్ ఆయన కళ్ళు తెరిచాడు. పట్టీ చదివాడు. కమాను గాల్లోనే ఆగింది.

"బావా," అన్నాడు బావమరిది, మళ్ళీ మైకు మర్చిపోయి, "బతికాడ్రోయ్!"

చెప్పి ఆగలేదు. డ్రమ్ము మీద పది వేళ్ళూ వాన చినుకుల్లా వదిలేశాడు. బావగారు దాని వెంట పడ్డాడు, ఆ డాబా మీద గాలికి ఎగిరిన గొడుగు వెంట ఆమె పడినట్టే. అరసున్న పట్టీ ఆర్పాడు. ఎంతసేపు వెలిగిందో అతనికి తెలీదు. చెయ్యి ఎత్తి చూస్తే అరచెయ్యి తడిగా ఉంది.

నూట యాభై ఎనిమిది దగ్గర తలుపు చప్పుడైంది. ఎవరూ కెవ్వుమనలేదు. ‘వచ్చావా?’ అని పడినప్పుడు హాలు ఊపిరి బిగబట్టింది. గుమ్మంలో లావుపాటి మనిషి నిలబడ్డాడు. ఎవరో చప్పట్లు కొట్టబోయి, ఆపుకున్నారు.

దీపాలు వెలిగాయి. అరసున్న లేవలేదు.

ముందు పెద్దావిడే వచ్చింది. మేనకోడలు మధ్య నిలబడింది, ఇద్దరి మాటలూ ఇటూ అటూ మోస్తూ.

"అక్షరాలు వేసింది ఎవరని అడుగుతోంది."

"నేనేనని చెప్పు."

"ఏం రాశావని అడుగుతోంది."

"ఉన్నదున్నట్టు చెప్పు. మొదట చేసిన తప్పు కూడా చెప్పు. ఏదీ దాచకు."

మేనకోడలు చాలాసేపు చెప్పింది. పెద్దావిడ వింటూ ఒక్కసారి కూడా నవ్వలేదు. తర్వాత మెల్లగా నాలుగు మాటలంది.

"పదకొండు సెకన్లు వెలిగిందట మావయ్యా. మాటల్లేని ఆ తొమ్మిది నిమిషాల కోసం ఆమె మూడు నెలలు ఆ డాబా మీదే కూర్చుందట. బుధవారం ఈ సినిమా మళ్ళీ ఆడేటప్పుడు మీట దగ్గర నువ్వు ఉండకూడదంటోంది."

"న్యాయమే," అన్నాడు అరసున్న. "క్షమించమని చెప్పు."

పెద్దావిడ చెయ్యి చాపింది. అతని తడి చెయ్యి పట్టుకుని ఒకసారి ఊపి, వెళ్ళిపోయింది. అది క్షమించడమో, లెక్క తీర్చెయ్యడమో ఆ చేతిలో తెలియలేదు.

ఆ వెనకే కార్యదర్శి. కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి, కాకపోతే ఇప్పుడు ఆ ఎరుపు కోపానిది.

"ఏమండీ అరసున్న గారూ! నేను ఏడ్చిన ఏడుపు వెనక్కిస్తారా? ఊరెళ్ళినవాడి కోసం ఏడిపించారు కదండీ నన్ను, పదిమందిలో!"

"తప్పు నాదేనండీ."

"తప్పు కాదు, హత్య!" అని, ఎవరైనా విన్నారేమోనని చుట్టూ చూసుకుని, గొంతు తగ్గించాడు. "ఊరుకుంటే నాకు తెలిసేది కాదు. ఊరుకోవచ్చుగా?"

అరసున్న కళ్ళజోడు తీశాడు, తుడవలేదు. "చూశాక ఎలా ఊరుకుంటామండీ?"

కార్యదర్శి జేబులోని పెన్నులు రెండూ తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు. మేనకోడలు నోరు తెరవబోతే చెయ్యెత్తి ఆపాడు.

"ఇరవై ఒకటీ ఇస్తానన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. మొగుడు పోయాడనుకుని ఇచ్చిన మాట అది, చెల్లదు. ఒక్కోటి ఇస్తా. మంగళవారం సినిమా ఇస్తా. అది గట్టెక్కితే ఆ తర్వాతది. అది గట్టెక్కితే మళ్ళీ ఇంకోటి. ఇంకో మాట. బొమ్మ చూడకుండా ఒక్క అక్షరం రాశారో, అన్నీ మిషనుకే."

"ఎప్పుడు చూడాలి?"

"ఇప్పుడు. రెండింటిదాకా హాలు ఖాళీ. డబ్బా వచ్చి కూర్చుంది."

కార్యదర్శి వెళ్ళాక మేనకోడలు మావయ్య పక్కన కూలబడింది. "ఇరవై ఒక్కసార్లు చస్తావన్నమాట. నేనూ నీతో పాటు."

"ఇంకేం కావాలే నాకు," అన్నాడు అరసున్న. "ఇందులో ఎన్ని వాక్యాలు?"

"వెయ్యి నూట నలభై. ఇందులో వాళ్ళు నోరు మూస్తే ఒట్టు."

"చచ్చాం."

తెర వెలిగింది. పొగ నిండిన గదిలో బల్ల చుట్టూ నలుగురు మగాళ్ళు అరుచుకుంటున్నారు. అందులో ఒకడు గ్లాసు ఎత్తి, పక్కవాడి మొహం మీద వేలు పెట్టి ఏదో అన్నాడు. అరసున్న జాబితాలో ఆ మాట వెతుక్కున్నాడు. ఇంగ్లీషులో ఒకే ముక్క ఉంది, ‘నువ్వు దొంగవి’ అని. చేతిలో పెన్సిలు ఆగిపోయింది.

"ఇది కోపంగా అన్నాడంటావా, వేళాకోళంగానా?"

"ఏమో మావయ్యా. నాకూ తెలీడం లేదు."

"మళ్ళీ వెయ్యమను."

మళ్ళీ వేశారు. మళ్ళీ తెలియలేదు. అప్పటికే కుర్చీల మధ్య ఊడ్చుకుంటూ వస్తున్న ఆమె వాళ్ళ వరస దగ్గరికి చేరింది.

"కాళ్ళెత్తండి బాబూ."

ఎత్తాడు. ఆమె కుర్చీ కింద పడ్డ రుమాళ్ళు రెండు తీసి, చీపురు మీద చెయ్యి ఆనించి, తెర వైపు ఒకసారి చూసింది.

"మూడోసారి వెయ్యమను," అన్నాడు అరసున్న, కాళ్ళు గాల్లోనే పెట్టుకుని.

వేశారు. ఆమె కూడా చూసింది.

"వేళాకోళమే," అంది ఊడ్చే ఆమె. "కోపమైతే ముందు గ్లాసు కింద పెడతాడు. మా ఇంట్లో ఆయన అంతే."

అరసున్న పెన్సిలు కాగితం మీద పెట్టాడు. రాయబోయి ఆగాడు.

"మీకు సాయంత్రం దాకా పనుందా అమ్మా?" అని అడిగాడు. "కాసేపు ఇలా కూర్చుంటారా?"